పాత కారు గట్టిదా, కొత్త కారు గట్టిదా?

(మన సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగము)



పంచాంగ శ్రవణము అయినది. పచ్చడి తిన్నాము. పిల్లల పాటలు విన్నాము. ఇక ఈ రైల్వే గుమాస్తా లేచి అమెరికా కార్లను గురించి మాట్లాడుతాడని కార్యదర్శిగారు ప్రకటించగానే కొందరు నవ్వుకొన్నారు. నవ్వవలసిన సంగతే. మేము చదివినది మెట్రిక్కు, చేసేది పార్సిలు ఆఫీసులో ఉద్యోగము, ఎక్కేది లోకల్ రైలు. సొంత కారు మాకు లేదు.

అయినా ఈ విషయము ఎత్తుకొనుటకు కారణమున్నది. మన బొంబాయి తెలుగువారిలో నలుగురు పెద్దలు కూడినప్పుడల్లా ఒక మాట వినబడుతుంది. "ఆ కాలపు సరుకే వేరయ్యా! ఆనాటి అమెరికా కారంటే ఇనుప కోట. ఇప్పటి కార్లు రేకు డబ్బాలు. వేలితో నొక్కితే సొట్టపడతాయి" అంటారు. ఈ మాటలో నిజమెంతో విచారించుదామని మా ఉద్దేశము. ఇది పొద్దుపోని చర్చ కాదు. మన పిల్లల ప్రాణాలతో ముడిపడిన చర్చ.

కారును జమీందారు వాహనంగా కాక సంసారి వాహనంగా చేసిన దేశము అమెరికా. హెన్రీ ఫోర్డు 1908లో మోడల్ టి కారును తెచ్చినప్పుడు దాని వెల 850 డాలర్లు. 1913లో హైలాండ్ పార్కు కర్మాగారంలో కారును వరుసగా నడిపిస్తూ, మనుష్యులు నిలిచినచోటనే నిలిచి భాగములు బిగించే పద్ధతి పెట్టారు. కొన్నేండ్లలో ధర 300 డాలర్లకు లోబడింది. 1927లో ఆ మోడలు ఆగిపోయేనాటికి కోటీ యాభై లక్షలకు పైగా కార్లు తయారైనాయి.

మన బొంబాయికి కూడ అమెరికా కార్లు కొత్తవి కావు. జనరల్ మోటార్సువారు 1928లో ఇక్కడి శివ్డీలో షెవ్రొలే కార్లు కూర్చే కర్మాగారము పెట్టి 1954 వరకు నడిపారు. వాల్‌చంద్ హీరాచంద్ స్థాపించిన ప్రీమియర్ ఆటోమొబైల్స్ వారు 1947 నుండి కుర్లాలో డాడ్జి, ప్లిమత్ కార్లు కూర్చారు. కనుక మన పెద్దలు చెప్పే ఇనుప కోటను వారి పెద్దలు కండ్లార చూచినవారే.

ఆ కోట ఎట్లుండేదో చూద్దాము. 1959 నాటి షెవ్రొలే బెల్ ఎయిర్‌ను తీసుకొందాము. తల నుండి తోక వరకు పదిహేడున్నర అడుగుల పొడవు. వెనుక భాగము పక్షి రెక్కలు విప్పినట్లుండేది. ముందు బెంచీమీద ముగ్గురు, వెనుక బెంచీమీద ముగ్గురు హాయిగా కూర్చొనేవారు. ఆరు సిలిండర్ల యంత్రము, అది చాలదన్నవారికి ఎనిమిది సిలిండర్లది. ఎక్కడ చూచినా అద్దంవలె మెరిసే క్రోమియం పూత. ఏటేటా ఆకారము మార్చేవారు. 1957 తోక ఒకటి, 1958 తోక ఒకటి, 1959 తోక మరొకటి. ఎదురింటివాడు కొత్త తోక కారు తెచ్చినాడంటే నిరుటి తోకవానికి తలవంపులు!

ఇక లోపల ఏమున్నది? డాష్‌బోర్డు గట్టి లోహము. స్టీరింగు కడ్డీ బల్లెమువలె నేరుగా నడిపేవాని రొమ్మువైపు గురిపెట్టి ఉండేది. సీటు బెల్టు కారుతోపాటు వచ్చేది కాదు.

ఇప్పుడు పాతదీ కొత్తదీ ఎదురెదురుగా నిలబెట్టి పరీక్షిస్తే తెలియదా అని మీరు అడుగవచ్చు. నిజంగానే అటువంటి పరీక్ష జరిగింది. అమెరికాలో ఇన్సూరెన్సు కంపెనీల పోషణతో నడిచే రహదారి భద్రతా సంస్థ ఒకటున్నది. 1959లో పుట్టిన ఆ సంస్థ తన యాభయ్యో ఏట, అనగా 2009లో, వర్జీనియా రాష్ట్రంలోని తన పరీక్షాశాలలో 1959 బెల్ ఎయిర్‌ను, 2009 షెవ్రొలే మాలిబూను ఎదురెదురుగా నడిపి ఢీకొట్టించింది. రెండూ ఒకే కంపెనీ కార్లు, రెండూ సంసారుల కార్లు. తూకంలో రెంటికీ పెద్ద తేడా లేదు. పాతది ఒకటిన్నర అడుగు పొడవు ఎక్కువ. ఒక్కొక్కటి గంటకు 40 మైళ్ళ వేగముతో వచ్చింది. రెంటిలోను మనిషి పరిమాణపు బొమ్మలను కూర్చోబెట్టారు.

ఫలిత మేమిటి? పాత కారులో నడిపేవాడు కూర్చొనే గదియే కుప్పకూలింది. స్టీరింగు చక్రము బొమ్మమీదికి దూసుకొనివచ్చింది. నిజమైన మనిషి అయితే అక్కడికక్కడే ప్రాణము పోయేదని పరీక్షకులు తేల్చారు. కొత్త కారులో బానెట్టు అంతా నుజ్జయింది కాని మనిషి కూర్చున్న గది చెక్కుచెదరలేదు. కాలికి గాయము తప్పించి బ్రతికి బయటపడేవాడన్నారు. పైన పటారం లోన లొటారం అని మనవారన్నది ఎవరికి చెందినదో చూచారు గదా!

దీనికి కారణము మా పార్సిలు ఆఫీసు భాషలో చెబుతాము. గాజుసామాను పెట్టెలో నేరుగా పేర్చి, గట్టి పెట్టె గదా అని ధీమాగా ఉండేవాడు తెలివితక్కువవాడు. పెట్టె పడినప్పుడు దెబ్బ అంతా గాజుకే తగులుతుంది. తెలిసినవాడు చుట్టూ గడ్డి కూరుతాడు. గడ్డి నలుగుతుంది, గాజు నిలుస్తుంది. రైలు పెట్టె చివర బఫర్లుండేది కూడ ఇందుకే. దెబ్బను ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు తినక తప్పదు. పాత కారులో ఆ తినేవాడు మనిషి. కొత్త కారులో ముందు భాగము, వెనుక భాగము గడ్డివలె నలిగేటట్లు, నడిమి గది మాత్రము గట్టిగా నిలిచేటట్లు లెక్కకట్టి చేస్తారు. ఈ ఉపాయానికి బెంజ్ కంపెనీ ఇంజనీరు బేలా బారెన్యీ 1951లోనే పేటెంటు కోరినాడు. కొత్త కారు ముందు భాగము నలిగిపోవుట చేతగానితనము కాదు. అది దాని ఉద్యోగ ధర్మము.

ఈ మార్పు దానంతట అది రాలేదు. అమెరికాలో తోకలు ఆకాశానికి లేచిన ఆ 1959లోనే స్వీడన్ దేశంలో వోల్వో కంపెనీ ఇంజనీరు నిల్స్ బోలిన్ రూపొందించిన మూడు కొనల సీటు బెల్టు కార్లలోకి వచ్చింది. ఆ పేటెంటును వోల్వోవారు అందరికీ ఉచితంగా వదలిపెట్టారు. అమెరికాలో మాత్రము నేరమంతా నడిపేవానిదే, బండిది కాదనే వాదము చాలాకాలము నడిచింది. 1965లో రాల్ఫ్ నేడర్ అనే యువ న్యాయవాది, ఏ వేగములోనూ క్షేమము కానివి అనే అర్థమిచ్చే పేరుతో ఒక పుస్తకము వ్రాసి, తప్పు బండి తయారీలోనూ ఉన్నదని నిలదీశాడు. మరుసటి ఏడు, 1966 సెప్టెంబరులో, అధ్యక్షుడు లిండన్ జాన్సన్ వాహన భద్రతా చట్టముపై సంతకము చేశాడు. 1968 నుండి కొత్త కార్లలో సీటు బెల్టులు తప్పనిసరి అయినాయి. 1998 మోడలు కార్ల నాటికి ముందు సీట్లు రెంటికీ ఎయిర్‌బ్యాగులు, 2012 మోడలు నాటికి బండి జారిపోకుండ పట్టే యంత్రాంగము తప్పనిసరి అయినాయి.

అంకెలు చూడండి. 1966లో అమెరికాలో బండ్లు పది కోట్ల మైళ్ళు నడిస్తే సుమారు ఐదున్నర మంది మరణించేవారు. 2019లో అదే దూరానికి సుమారు ఒక్కరు. మంచి రోడ్లకు, మంచి ఆస్పత్రులకు, త్రాగి నడిపేవారిమీది శిక్షలకు కూడ ఇందులో భాగమున్నది. అయినను బండి వంతు చిన్నది కాదు. ఆ 1965లోనే అమెరికా ప్రవాస చట్టము కూడ మారి, మన తెలుగువారు అక్కడికి అధికంగా పోవుటకు దారి తెరుచుకొన్నది. అక్కడ స్థిరపడిన మన బిడ్డల ప్రయాణాలు చాలావరకు ఈ మెరుగుపడిన కార్లలోనే సాగినవని మనము సంతోషించవచ్చు.

పొదుపు సంగతి ఇంకొకటి. 1973 అక్టోబరులో అరబ్బు దేశాలు చమురు ఆపగా, అప్పటివరకు నీళ్ళవలె పెట్రోలు త్రాగిన కార్లకు గడ్డుకాలము వచ్చింది. 1975లో మైలేజీ చట్టము చేశారు. 1977లో జనరల్ మోటార్సువారు తమ పెద్ద కార్లను కుదించి, షెవ్రొలే ఇంపాలాను పది అంగుళాలు పొట్టిగా, కొన్ని వందల పౌనులు తేలికగా చేశారు. 1984 మోడలుగా క్రైస్లరువారి మినీవ్యాను వచ్చి, పిల్లా జెల్లా, సామాను అంతా ఒకే గదిలో పట్టే ఇల్లువలె అయినది. అమెరికాలో అమ్మిన కొత్త బండ్ల సగటు మైలేజీ 1975లో గాలనుకు 13 మైళ్ళు, 2023లో 27 మైళ్ళు.

ఇంత చెప్పి, కొత్తదంతా బంగారము అంటే ధర్మము కాదు. పాత కారుకు దాని గొప్ప దానికున్నది. బానెట్టు ఎత్తితే లోపల ఏది ఏదో తెలిసేది. యజమాని పానా పట్టుకొని తానే బాగుచేసుకొనేవాడు. నేటి బండి నిండా కంప్యూటర్లు. చిన్న రిపేరుకు కూడ కంపెనీవారి గడప త్రొక్కవలసిందే.

అంతకంటె పెద్ద లోపము మరొకటున్నది. అమెరికావారు ఇప్పుడు సంసారపు కారునే విడిచిపెడుతున్నారు. ఫోర్డు టారస్ అక్కడ 2019లో, షెవ్రొలే ఇంపాలా 2020లో, పైన చెప్పిన పరీక్షలో నెగ్గిన మాలిబూ 2024లో ఆగిపోయినాయి. జపానువారి కామ్రీ వంటివి కెంటకీలో ఇంకను తయారవుతున్నా, ఎక్కువ కుటుంబాలు ఎత్తయిన, బరువైన ఎస్‌యూవీలకు మళ్ళినాయి. లోపలివానికి అవి క్షేమమే. బయట నడిచేవాని సంగతి? అమెరికాలో వాహనాల క్రింద మరణించిన పాదచారులు 2009లో సుమారు 4,100 మంది, 2022లో సుమారు 7,500 మంది. బానెట్టు 40 అంగుళాలకు మించి ఎత్తున్న బండి తగిలితే, 30 అంగుళాలలోపు పల్లపు బానెట్టు బండికంటె పాదచారి మరణించే అవకాశము సుమారు 45 శాతము ఎక్కువని ఆ భద్రతా సంస్థయే 2023లో ప్రకటించింది. లోపలివానిని కాపాడుట నేర్చుకొన్నారు, బయటివానిని మరచిపోయినారు. మనలో అధికులము రోడ్డుపై నడిచేవారమే గనుక ఈ మాట మనము మరువరాదు.

కనుక బండి పాతదా కొత్తదా అన్నది అసలు ప్రశ్న కాదు. దెబ్బ తగిలినప్పుడు దానిని ఎవరు తింటారు అన్నదే ప్రశ్న. రేకు తినాలి, మనిషి తినరాదు.

ఇప్పుడు మన ఇండ్ల సంగతి. ఎండాకాలము పెండ్లిండ్లకు అద్దె కారు మాట్లాడుకొని ఊళ్ళకు పోతాము. వెనుక సీటు బెల్టులు సీటు కవరు క్రింద దాగి ఉంటాయి. ముందు సీటులో తల్లి ఒడిలో చంటిపిల్ల ఉంటుంది. గంటకు 64 కిలోమీటర్ల వేగములో గుద్దుకొనుట అంటే 16 మీటర్ల ఎత్తునుండి, అనగా ఐదంతస్తుల మేడపైనుండి, పడినదానితో సమానము. పది కిలోల బిడ్డ ఆ ఎత్తునుండి పడుతుంటే ఏ తల్లి చేతులు పట్టగలవు? పైగా ఎయిర్‌బ్యాగు విచ్చుకొంటే ఒడిలోని బిడ్డకే దెబ్బ. అందుచేత కారు ఎక్కగానే కవరు క్రింది బెల్టు బయటికి తీయించండి. వెనుక కూర్చున్నా పెట్టుకొనండి. బిడ్డను వెనుక సీటులో, తగిన పిల్లల సీటులో కూర్చోబెట్టండి. డ్రైవరు నవ్వితే నవ్వనీయండి.

చివరగా ఒక్క మాట. మన తాతలు మిల్లు పనులకు, గోడ పనులకు ఈ బొంబాయి వచ్చినప్పుడు వీధిలో మరాఠీ నేర్చుకొన్నారు, తిండి కొంత మార్చుకొన్నారు, కట్టు కొంత మార్చుకొన్నారు. ఇంటిలో మాత్రము తెలుగు నిలుపుకొన్నారు. బయట వంగినారు గనుకనే లోపల విరుగలేదు. ఈ పండుగ పచ్చడి నేడు మన పిల్లల నోట పడినదంటే ఆ తెలివివల్లనే.

క్రొత్త సంవత్సరములో మీ అందరి ప్రయాణములు క్షేమముగా సాగి, పోయినవారు పోయినట్లే ఇల్లు చేరుదురుగాక అని కోరుకొంటున్నాము.