మేలుకొనని ల్యాప్‌టాప్

బీరువా మీదనో, పెట్టె అడుగుననో రెండు మూడేండ్లు పడియున్న పాత ల్యాప్‌టాపును ఒకనాడు దించి, దుమ్ము తుడిచి, స్విచ్చి నొక్కగా అది పలుకకపోవుట ఈనాడు పెక్కు ఇండ్లలో జరుగుచున్న సంగతియే. దానిని దింపుటకు కారణము సామాన్యముగా ఆ యంత్రము కాదు. పెండ్లినాటి ఫొటోలు, గతించినవారి కంఠస్వరము, సగములో ఆగిన సిద్ధాంతవ్యాసము, పొలము దస్తావేజుల నకళ్ళు - వీనిలో ఏదో ఒకటి కావలసివచ్చి దింపుదురు. కనుక మేము రెండు ప్రశ్నలను వేరుచేసి చూడదలచితిమి. యంత్రము మేలుకొనునా అనునది ఒకటి. దానిలోని సొత్తు దక్కునా అనునది మరియొకటి. మొదటిదానికి జవాబు 'లేదు' అయినను, రెండవదానికి 'అవును' కావచ్చును. ఈ భేదము తెలియక, "ఎట్లయినను నడిపించి ఇండు" అని దుకాణములో అప్పగించినవారు, చక్కగా నడుచు యంత్రమును, అందులో ఖాళీయైన డిస్కును ఇంటికి తెచ్చుకొనుటను మేము చూచితిమి.

'నడువలేదు' అను మాట వైద్యునితో 'ఒంట్లో బాగులేదు' అని చెప్పుట వంటిది. స్విచ్చి నొక్కినపుడు దీపమే వెలుగలేదా? దీపము వెలిగియు తెర నల్లగా ఉన్నదా? తెరమీద ఏదో ఇంగ్లీషు వాక్యము కనబడి అంతటితో ఆగినదా? రెండు నిమిషములు నడిచి ఆరిపోయినదా? ఇవి నాలుగును వేర్వేరు వ్యాధులు. చివరిది తరచుగా దుమ్ముతో పూడిన ఫ్యానువలన కలుగును. వేడి హద్దు మీరగానే యంత్రము తన్ను తాను కాపాడుకొనుటకై ఆరిపోవును. దానిని శుభ్రపరచిన చాలును. తక్కినవానిని గూర్చి కొంత నిదానముగా చెప్పవలసియున్నది.

దీపమే వెలుగనపుడు విద్యుత్తు ఎచ్చట ఆగినదో గోడనుండి మొదలుపెట్టి వెదకవలెను. పొలమునకు నీరు రాకున్నచో రైతు తూము దగ్గరనుండి కాలువగట్టు వెంబడి నడచి చూచునే కాని, ముందుగా పొలమును త్రవ్వడు. గోడ ప్లగ్గులో ఒక టేబిలు దీపమును పెట్టి చూడుడు. తరువాతది అడాప్టరు. గోడలోని 230 వోల్టుల విద్యుత్తును పాత ల్యాప్‌టాపుల అడాప్టరు సాధారణముగా 19 వోల్టుల ప్రాంతమునకు దించి ఇచ్చును. ఎన్ని వోల్టులో, ఎన్ని ఆంపియర్లో దాని వీపుమీదనే అచ్చువేసియుండును. పిన్ను దగ్గర తీగ వంగి వంగి లోపల తెగుట మిక్కిలి సాధారణమైన లోపము. పొరుగింటి అడాప్టరును తెచ్చి పరీక్షించుట మంచిదే. కాని పిన్ను రంధ్రములో దూరినంత మాత్రమున చాలదు. వోల్టులు సమానముగా ఉండవలెను. ఆంపియర్లు సమానముగనో, అధికముగనో ఉండవలెను. పిన్ను లోపలి భాగము ధనమో ఋణమో తెలుపు చిన్న బొమ్మ రెండింటిమీదను ఒకే తీరున ఉండవలెను.

అడాప్టరు మంచిదని తేలినను యంత్రము మౌనముగానే ఉన్నచో, ఖర్చు లేని చికిత్స ఒకటి కలదు. అడాప్టరును, బ్యాటరీని రెంటిని తొలగించి, స్విచ్చిని ముప్పది సెకండ్లపాటు నొక్కి పట్టుకొనవలెను. పిదప బ్యాటరీ లేకుండ అడాప్టరును మాత్రమే తగిలించి మరల నొక్కవలెను. ఇది మంత్రము కాదు. ల్యాప్‌టాపు ఆరియున్నపుడు కూడ స్విచ్చిని కనిపెట్టియుండు ఒక చిన్న భాగము లోపల మేలుకొనియే యుండును. అది ఎక్కడనో చిక్కుకొనిపోయినచో స్విచ్చి నొక్కిన సంగతిని లోపలికి చేరవేయదు. లోపల మిగిలిన విద్యుత్తు అంతయు ఖాళీయైనపుడు అది మొదటినుండి లెక్క ప్రారంభించును. చచ్చినదనుకొన్న యంత్రములు ఈ ఒక్క పనితో లేచి కూర్చుండుట అరుదు కాదు. బ్యాటరీ పైకి రాని నమూనాలలో అడుగు మూత మరలు విప్పి దాని తీగను ఊడదీయవలెను. అది చేతనైనవారి పని. బ్యాటరీ ఉబ్బియున్నచో మాత్రము - వ్రేలితో తాకు పలక పైకి లేచుట దానికి గుర్తు - నొక్కరాదు, గుచ్చరాదు, చెత్తకుండీలో వేయరాదు. లిథియము మండినపుడు ఆర్పుట కష్టము.

దీపము వెలిగి తెర చీకటిగా ఉన్నపుడు రోగము యంత్రమునకా, తెరకా అని ముందు తెలిసికొనవలెను. క్యాప్స్ లాక్ మీటను నొక్కి చూడుడు. దాని దీపము వెలుగుచు ఆరుచు ఉన్నచో లోపల ప్రాణమున్నదని తరచుగా నమ్మవచ్చును. ఇంటిలోని టెలివిజనుకు తీగతో కలిపి చూచుట మరియొక పరీక్ష. చీకటిగదిలో తెరమీదికి టార్చిలైటును ఏటవాలుగా వేసినపుడు బొమ్మ లీలగా కనబడినచో, పోయినది తెర వెనుకనుండు వెలుతురే కాని బొమ్మ కాదు. ఇవేవియు కాక, కూతలు వినబడినచో వానిని లెక్కించుడు. 1981లో వెలువడిన ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటరు నాటినుండి ఈ యంత్రములు మేలుకొనునపుడు తమ అంగములను తామే పరీక్షించుకొని, లోపమున్నచో కూతలతో తెలుపుట ఆచారమైనది. కూతల అర్థము తయారీదారుని బట్టి మారును. ర్యామ్ పలకలు తమ గాడిలో సరిగా కూర్చుండకపోవుట తరచుగా కనబడు కారణము. మా తీరప్రాంతపు తేమగాలిలో వాని బంగరు అంచులు మసకబారుటయు కద్దు. విద్యుత్తు తీసివేసి, పలకను ఊడదీసి, అంచును శుభ్రపరచి, మరల గాడిలో గట్టిగా అమర్చినచో కూతలు ఆగుట పలుమారులు జరుగును. రెండు పలకలున్నచో ఒక్కొక్కటిగా పెట్టి పరీక్షింపవలెను.

ఇక తెరమీద వాక్యము కనబడి ఆగినవాని సంగతి. మేలుకొలుపవలసిన డిస్కు దొరకలేదని ఆ వాక్యము చెప్పినచో, మొదట ప్రక్కన మరచిన పెన్‌డ్రైవును తీసివేయుడు. నాణెమంత చిన్న బ్యాటరీ లోపల వేరుగా ఉండును. అది అయిపోయినచో యంత్రము తేదీని మరచును, ఒక్కొక్కపుడు ఏ డిస్కునుండి మేలుకొనవలెనో కూడ మరచును. అది తక్కువ వెలలో దొరకునది. ఇవి కానిచో డిస్కునే అనుమానింపవలెను. ఇచ్చటనే మేము శ్రోతలను ఒక నిమిషము నిలువుడని కోరుచున్నాము.

పాత ల్యాప్‌టాపులలోని డిస్కు పెక్కింటిలో నిమిషమునకు 5400 మారులు తిరుగు పళ్ళెము. దానిని చదువు ముల్లు పళ్ళెమును తాకకుండ, సన్నని గాలిపొర మీద తేలుచుండును. టక్ టక్ మను చప్పుడు వినబడినచో ఆ ముల్లు దారి తప్పినదని శంకింపవలెను. అట్టిదానిని మరల మరల నడిపించిన కొలది అక్షరములు గీచుకొనిపోవును. వెంటనే ఆర్పి, డిస్కులనుండి సమాచారమును వెలికితీయుటయే వృత్తిగా గల వారికి చూపవలెను. చప్పుడు లేని డిస్కును ఊడదీసి, కొలది వందల రూపాయలకు దొరకు యు.ఎస్.బి. తీగతో మరియొక కంప్యూటరుకు తగిలించి, అందలి ఫైళ్ళను నకలు చేసికొనవచ్చును. తెరమీద వచ్చు 'బాగుచేయుము', 'మొదటి స్థితికి తెమ్ము' అను ఆజ్ఞలను నకలు ముగిసిన తరువాతనే తాకవలెను. వానిలో కొన్ని సొత్తును తుడిచివేయును. దుకాణమునకు పంపునపుడు డిస్కును ఇంటనే ఉంచుకొనుట మేలని మా అభిప్రాయము. సికింద్రాబాదు చినాయ్ ట్రేడ్ సెంటరులో అయినను, మీ ఊరి వీధి మొగలో అయినను, మదరుబోర్డును బాగుచేయువానికి మీ ఫొటోలతో పని లేదు.

రెండు అడ్డంకులు మాత్రము కలవు. పలుచని క్రొత్త నమూనాలు కొన్నింటిలో డిస్కు బోర్డుమీదనే అతికియుండును. అట్టివానిలో సొత్తు దక్కవలెనన్న యంత్రము లేవవలసినదే. మరికొన్నింటిలో సొత్తు బిట్‌లాకరు అను తాళములో ఉండును; దానిని వేరొక యంత్రములో తెరచుటకు 48 అంకెల సంకేతము కావలెను. అది తరచుగా యజమానుని మైక్రోసాఫ్టు ఖాతాలో ఉండును. యజమానుడే గతించినపుడు ఆ కుటుంబము పడు పాట్లు మేము ఎరుగుదుము. ఇంటిలోని పెద్దవారిచేత ఆ అంకెలను ఒక కాగితముమీద వ్రాయించి ఉంచుకొనుట ఏమంత కష్టము?

తెలుగువారికి ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటి మిగిలియున్నది. 1991లో వెలువడిన యూనికోడు తొలి కూర్పులోనే తెలుగునకు చోటు దొరకినను, తరువాత చాలకాలము మన డి.టి.పి. కేంద్రములు అను ఫాంట్లతోనే అక్షరములు కూర్చినవి. ఆ పద్ధతిలో ఫైలులో నిలిచినది తెలుగు అక్షరము కాదు. ఇంగ్లీషు అక్షరములు, గుర్తులు. ఫాంటు ఉన్నపుడే అది తెలుగై కనబడును. పదవీవిరమణ చేసిన ఒక ఉపాధ్యాయుడు తమ ఊరి చరిత్రను అట్లు కూర్పించి దాచుకొనగా, ఆయన కుమారుడు ఫైలును మాత్రమే నకలు చేసికొని తెరచి, పుటలనిండ అర్థములేని గుర్తులను చూచి అంతయు పోయినదనుకొనెను. పాత డిస్కులోని ఫాంట్లను కూడ తెచ్చి అమర్చినపుడు ఊరు తిరిగి కనబడెను. గ్రంథము పేజ్‌మేకరులో కూర్చినదైనచో ఆ ప్రోగ్రామునకు 2001 నాటి 7.0 తరువాత క్రొత్త కూర్పు లేదు. ఇట్టి సందర్భములలో డిస్కును నకలు చేసియు, పాత యంత్రమును ఖర్చుపెట్టి బాగుచేయించుట తగునని మేము చెప్పుదుము. ఏలయన ఫైలు, ఫాంటు, ప్రోగ్రాము మూడును కలిసియున్న చోటు అదియే.

అట్లు లేచిన యంత్రమును ఇంటర్నెట్టునకు తగిలింపకుండ ఉంచుడు. విండోస్ 10కి సైతము 2025 అక్టోబరు 14తో ఉచిత రక్షణసవరణలు సాధారణముగా నిలిచిపోయినవి. అంతకు పూర్వపు వానిని చెప్పనేల? ఫైళ్ళను యూనికోడులోనికి మార్చి రెండు చోట్ల దాచుకొని, బ్యాటరీని సగము నింపి, చెమ్మ తగులని చోట ఉంచి, మూడు నెలలకొకమారు ఒక గంటసేపు నడిపించుచుండుడు.