పాట నేర్పువారికి పాఠము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదేండ్ల క్రిందట రెండు బీరువాలతోను నాలుగు బల్లలతోను మొదలైన మన గ్రంథాలయము నేడు రజతోత్సవము జరుపుకొనుచున్నది. ఇట్టి శుభసమయమున గ్రంథములను గూర్చి ప్రసంగింపవలసిన నేను, బడిలో పాట నేర్పు ఉపాధ్యాయుల శిక్షణను గూర్చి మాటలాడుదునని చెప్పగా కార్యదర్శిగారు కొంత విస్తుపోయిరి. వారి విస్మయము న్యాయమైనదే. నేను ఊరి లెక్కలు వ్రాయువాడను. నాకు సంగీతము రాదు. ఆ రాకపోవుటయే నేడు నన్ను మాటలాడించుచున్నది.

నేను మూడవ తరగతి చదువుచున్న దినములలో పంద్రాగస్టు పండుగకు పిల్లలచేత ఒక దేశభక్తి గీతము పాడింపదలచిరి. నా వంతు రాగా మాస్టారుగారు నన్ను మధ్యలోనే ఆపి, "ఒరేయ్, నీకు గొంతు లేదురా. వరుసలో నిలబడి పెదవులు కదుపు, చాలు" అనిరి. నేనట్లే చేసితిని. ఆయన చెడ్డవారు కారు. మూడు తరగతులను ఒక్క గదిలో కూర్చుండబెట్టుకొని చదువు చెప్పిన మనిషి. నాకు ఎక్కములు నేర్పినవారు ఆయనయే. ఆ ఎక్కములే నేటికిని నాకు అన్నము పెట్టుచున్నవి. కాని పిల్లవానికి పాట ఎట్లు నేర్పవలెనో ఆయనకు ఎవ్వరును నేర్పలేదు. ఫలితమేమనగా, నాటినుండి నలువదియైదేండ్లకు పైగా నేను నలుగురిలో నోరు విప్పి పాడియెరుగను. శ్రీరామనవమి భజనలో సైతము పెదవులే కదుపుచు వచ్చితిని.

తరువాతి కాలమున ఈ బీరువాలలోని పుస్తకముల సాయముననే నన్నయ తిక్కనలను, పోతనను చదువుకొంటిని. అర్థము తెలియనిచోట నిఘంటువు చూచితిని. లెక్కలవాడను గనుక గణములును యతిప్రాసలును త్వరలోనే స్వాధీనమైనవి. కాని పద్యమును రాగయుక్తముగా చదువుట మాత్రము ఏ పుస్తకమును నాకు నేర్పలేకపోయినది. పుస్తకము తన మాట నాకు చెప్పినది గాని నా గొంతు వినలేదు. చదువు ఒంటరిగా రావచ్చును. పాట ఒంటరిగా రాదు. "ఇదిగో, ఇక్కడ తగ్గినావు, ఇక్కడ హెచ్చినావు" అని చెప్పుటకు ఒక చెవి కావలెను. పాట నేర్పువానికి నోటికంటె ముందు చెవి యవసరము. ఆ చెవికి శిక్షణ కావలెనన్నదే నేడు నేను మనవి చేయు ముఖ్య విషయము.

మన సీమకు పాట క్రొత్తది కాదు. మువ్వలో క్షేత్రయ్య వెలసెను. కూచిపూడి సంగతి లోకమెరిగినదే. దివిసీమలోని పెదకళ్ళేపల్లి పేరు చెప్పగానే సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రిగారు జ్ఞాపకమునకు వత్తురు. త్యాగరాజస్వామి శిష్యుడైన మానాంబుచావడి వేంకటసుబ్బయ్యగారి వద్ద ఆయన విద్య నేర్చెను. ఆయన శిష్యుడు శ్రీకాకుళమున జన్మించిన పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారు. పంతులుగారి శిష్యుడు మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు. తిరువైయారులో వెలిగిన దీపము మన కృష్ణాతీరమునకు వచ్చి, ఇచ్చటినుండి దేశమంతటను వెలిగినది. ఇందు మనము గమనింపవలసిన దేమనగా, వీరు తాము పాడుటతో తృప్తి చెందక, పాడువారిని, నేర్పువారిని తయారు చేసిరి.

ఇక ఘంటసాల వేంకటేశ్వరరావుగారి మాట. ఆయన 1922లో గుడివాడ చేరువనున్న చౌటపల్లిలో జన్మించెను. విద్య కొరకు ఆ బాలుడు విజయనగరము వరకు పోవలసివచ్చెను. అచ్చటి మహారాజావారి సంగీత కళాశాల 1919లో స్థాపితమైనది. ఆ బాలుడు ఇంటింట మధుకరము తెచ్చుకొని తిని చదువుకొనెను. పట్రాయని సీతారామశాస్త్రిగారివంటి గురువు లభించెను. అంతటి పట్టుదల గలవాడు గనుక అంతదూరము పోయెను. కాని మన బడిలో నలువదిమంది పిల్లలుందురు. వారందరును ఘంటసాలలు కానక్కరలేదు. తమ గొంతు తమకున్నదని వారెరిగిన చాలును. వారి కొరకు గురువు బడిలోనే యుండవలెను.

మరి బడిలో నేటి స్థితి యేమి? 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రము కళలు ప్రతి దశయందును పాఠ్యవిషయముగా నుండవలెనని చెప్పినది. 2009 నాటి విద్యాహక్కు చట్టము, ఆరు మొదలు ఎనిమిది వరకు గల తరగతులలో నూరుగురికి మించి పిల్లలున్నచో కళావిద్యకు పార్ట్‌టైము బోధకుడుండవలెనన్నది. అయిదవ తరగతి లోపలి పిల్లలకు అదియును లేదు. గొంతు లేతగా, చెవి చురుకుగా నుండు ప్రాయము సరిగా అదే. అక్కడ పాట నేర్పవలసినవారు లెక్కలును తెలుగును చెప్పు సామాన్యోపాధ్యాయులే. కావున సంగీతోపాధ్యాయుల శిక్షణ యనగా మన పల్లెలలో ముఖ్యముగా వీరి శిక్షణయే.

కొన్నాళ్ళ క్రిందట ఒక పాఠశాలలో జెండా పండుగ చూచితిని. పాఠశాల పేరు చెప్పను. మన సీమవాడే, భట్లపెనుమర్రుకు చెందిన పింగళి వెంకయ్యగారు రూపు కల్పించిన జెండా ఎగిరినది. జనగణమన కొరకు ఉపాధ్యాయుడు సెల్‌ఫోను పెట్టెను. నడుమ ఫోను మూగవోయినది. పాట పిల్లల మీద పడినది. ఒకరు పైనుండి, ఒకరు క్రిందనుండి, ఒకరు ముందు, ఒకరు వెనుక. ఏబదిరెండు సెకనులలో ముగియవలసిన గీతము ముగియుటకు చాల సేపు పట్టినది. పెద్దలు నవ్విరి. ఉపాధ్యాయుడు తల వంచుకొనెను. నాకు నవ్వు రాలేదు. నా మాస్టారుగారు కన్నులకు కట్టిరి.

ఆ గీతమునకు మన రాష్ట్రముతో గల సంబంధము కొందరెరుగరు. 1919లో రవీంద్రనాథ ఠాకూరు మదనపల్లెకు విచ్చేసి అచ్చటి కళాశాలలో ఆ గీతమును పాడెను. సంగీతమున పట్టభద్రురాలైన మార్గరెట్ కజిన్సుగారు దానిని విని స్వరపరచిన బాణీని స్వరలిపిలో వ్రాసి యుంచిరి. విన్నదానిని పట్టుకొని వ్రాయగల చెవి యొకటి ఆనాడు అక్కడ నుండుట యెంత మేలైనది! రేడియో పాడును, ఫోను పాడును. రెండును మనకు వినిపించును గాని మనలను వినవు. బిడ్డ తప్పును విని దిద్దునది ఉపాధ్యాయుని చెవి యొక్కటియే.

ఇట్టి ఉపాధ్యాయులకు పునశ్చరణ తరగతులు పెట్టినచో అందేమి నేర్పవలెను? తెలిసినవారి నడిగి గ్రహించినంతవరకు మనవి చేయుదును.

మొదటిది శ్రుతి. పురుషుని గొంతు సామాన్యముగా ఒకటి, ఒకటిన్నర శ్రుతిలో నుండును. పిల్లల గొంతునకు నాలుగున్నర, ఐదు ప్రాంతము హాయి. మాస్టారు తన శ్రుతిలో ఎత్తుకొనగా పిల్లలు క్రింద అందుకొనలేక గొణుగుదురు, లేదా పైకిపోయి అరతురు. దానినే మనము "గొంతు లేదు" అందుము. శ్రుతిపెట్టెయో హార్మోనియమో దగ్గర నుంచుకొని పిల్లల శ్రుతిని ముందు స్థిరపరచుకొన్నచో సగము కష్టము తీరును.

రెండవది, శ్రుతి కలియని బిడ్డను కలుపుకొను విధము. ఆ బిడ్డ యే స్వరము పలికిన ఆ స్వరమునకే ముందు ఉపాధ్యాయుడు పోయి కలియవలెను. ఇరువురి గొంతులు ఒక్కటైనపుడు కలియుట యనగా నెట్లుండునో బిడ్డకు మొదటిసారి తెలియును. ఆపైన ఒక్కొక్క మెట్టు మెల్లగా తీసికొనిపోవలెను. దూడను తాడు పట్టి లాగినచో మొరాయించును. ప్రక్కన నడచినచో వెంట వచ్చును.

మూడవది లయ. చప్పట్లతో, వ్రేళ్ళ లెక్కతో ఆదితాళపు ఎనిమిది క్రియలు వేయించుట. నాట్లువేయు స్త్రీల పాటలోను, పడవవారి పాటలోను పని నడకయే తాళము. పిల్లలకు దానిని చూపవలెను.

నాల్గవది పాటల యెన్నిక. క్షేత్రయ్య మనవాడని ఆయన పదములను మూడవ తరగతికి చెప్పరాదు గదా! లాలిపాటలు, కోతపాటలు, సంక్రాంతి పాటలు, త్యాగరాజస్వామి దివ్యనామ కీర్తనలలో సులభములైనవి, ముత్తుస్వామి దీక్షితులవారి నోట్టుస్వర సాహిత్యములు పదిమంది కలిసి పాడుటకు అనువైనవి. మసీదు వీధి పిల్లవాడును, చర్చి వీధి పిల్లవాడును ఇంట పాడుకొను పాటలు గూడ బడిలో చెల్లవలెను.

ఐదవది ఉపాధ్యాయుల గొంతు. దినమంతయు కేకలువేసి సాయంకాలమునకు గొంతు రాసిపోయినవారెందరో యున్నారు. కడుపునుండి శ్వాస తీసికొని పలుకుట, నడుమ నడుమ మంచినీరు త్రాగుట, అరచుటకు బదులు చప్పట్లతో పిలుచుట నేర్పినచో అది పాటకే కాక వారి వృత్తికంతటికిని మేలు.

సంగీత విద్వాంసులు కానివారికి ఇది సాధ్యమా యని కొందరందురు. ఇంగ్లండు దేశమున జాన్ కర్వెన్ (1816-1880) అను మతబోధకుడుండెను. ఆయన సంగీతజ్ఞుడు కాడు. 1841లో ఆదివారపు బడుల ఉపాధ్యాయుల సభ ఒకటి, పిల్లలకు పాట నేర్పు సులభమార్గమును వెదకుమని ఆయనను కోరెను. సారా గ్లోవర్ అను నార్విచ్ పంతులమ్మ తన బడిలో నడపుచున్న పద్ధతిని ఆయన స్వీకరించి, తాను నేర్చుకొనుచు దానిని సంస్కరించెను. స్వరస్వరమునకు ఒక హస్తసంజ్ఞ చేర్చెను. నేర్పువారి శిక్షణకు ఒక కళాశాలయే వెలసెను. ఆ హస్తసంజ్ఞలనే ఇరువదవ శతాబ్దమున హంగరీ దేశపు సంగీతకారుడు జోల్తాన్ కొదాయ్ (1882-1967) అనుయాయులు తమ బడులలో ప్రవేశపెట్టిరి. బిడ్డకు మాతృభాషవలెనే తన జానపద గీతము మొదటి సంగీతమని ఆయన సిద్ధాంతము. 1950లో కెచ్‌కెమేత్ పట్టణమున నిత్యము పాట నేర్పు ప్రాథమిక పాఠశాల మొదలైనది. ఇది మనకు పరాయి విషయమనిపింపదు. సామగానము చేయువారు నేటికిని వ్రేళ్ళపై స్వరములు చూపుదురు. ఏ శ్రుతిలో నున్నను షడ్జమును షడ్జమే యనుట మన సంప్రదాయమున పుట్టినదే.

లెక్కలవాడను గనుక కొంచెము లెక్క చెప్పనిండు. ప్రాథమిక తరగతులకు చట్టము చెప్పిన పనిదినములు సంవత్సరమునకు 200. దినమునకు పది నిమిషములు పాటకిచ్చినచో 2000 నిమిషములు, అనగా 33 గంటల 20 నిమిషములు. ఐదేండ్లకు 166 గంటల 40 నిమిషములు. పది నిమిషములు ప్రార్థనతోనే గడచుచున్నవి. ఆ పది నిమిషములే అరచుటగా గడపవచ్చును, పాడుటగా గడపవచ్చును. ఇక ఉపాధ్యాయులకు 2020 నాటి జాతీయ విద్యావిధానము సంవత్సరమునకు కనీసము 50 గంటల వృత్తిశిక్షణ విధించినది. అందు ఐదు గంటలు పాటకు కేటాయించుట దుబారా కాదు.

ఉపాధ్యాయులకు ఇప్పటికే రిజిష్టర్లు, నివేదికలు, ఫోనులో పంపవలసిన ఫోటోలు తలకు మించియున్నవి. వారి నెత్తిన మరియొక మూట పెట్టుట నా యుద్దేశము కాదు. కావుననే ఈ తరగతులకు వచ్చిన గంటలు వారి శిక్షణ లెక్కలో చేరవలెను. గుడ్లవల్లేరు చెంత అంగలూరులో జిల్లా విద్యాశిక్షణ సంస్థ యున్నది. 1979లో స్థాపితమైన సాంస్కృతిక వనరుల శిక్షణ కేంద్రము హైదరాబాదులో ప్రాంతీయ కేంద్రము కలిగి ఉపాధ్యాయులకు శిక్షణ యిచ్చుచున్నది. వారి సలహా కోరుదము. కాని ఒక్కమారు మూడు దినములు కూర్చుండి ఉపన్యాసము విని, సర్టిఫికెట్టు పుచ్చుకొని వచ్చినంతమాత్రమున గొంతు మారదు, చెవి మారదు. విత్తుట యొకనాటి పని. నీరు పెట్టుట కాపుదలకెల్ల పని.

కావున కార్యవర్గమువారికి నా ప్రార్థన యిది. రజతోత్సవ విరాళములలో ఖర్చులు పోను మిగులు సొమ్ముతో ఒక హార్మోనియము, ఒక శ్రుతిపెట్టె కొని ఈ గ్రంథాలయమున నుంచవలెను. నెలకొక ఆదివారము ఉదయము రెండు గంటలు ఈ హాలు చుట్టుప్రక్కల బడుల ఉపాధ్యాయులకు తెరచి యుంచవలెను. ఒకరు పాఠము చెప్పుదురు. మిగిలినవారు విని, నొప్పింపక సరిదిద్దుదురు. మచిలీపట్నమునుండియో గుడివాడనుండియో సంగీతము తెలిసినవారొకరు వచ్చిన రానుపోను చార్జీలు, భోజనము మనము చూతము. మన భజన మేళమువారిని గూడ పిలుతము. వారికి తెలిసిన బాణీలు ఏ పుస్తకములోను లేవు. గ్రంథాలయమునకు పాటతో నేమి పని యందురేమో. మన సాహిత్యము అచ్చుకంటె ముందు గొంతులోనే బ్రతికినది. పాడించుకొనని భాగవతము బీరువాలో నుండియు లేనట్లే.

చివరకొక మాట. మొన్న వేసవిలో ఒక ఉపాధ్యాయురాలు ఈ గ్రంథాలయపు అరుగుమీద పిల్లలకు పాట నేర్పుచుండగా నేను లోపల పద్దులు చూచుకొనుచుంటిని. ఒక పిల్లవాడు శ్రుతి తప్పుచుండెను. ఆమె ఆపమనలేదు. వాడు పలికిన స్వరమునకే తాను వచ్చి కలిసెను. కొంతసేపటికి వాని గొంతు మిగిలిన గొంతులలో కలిసిపోయినది. ఏది వానిదో నాకు తెలియలేదు. నేను కలము క్రింద పెట్టితిని. లోపల ఎవ్వరును లేరు గనుక పెదవులతోబాటు గొంతును గూడ కొంచెము కదపితిని. కొంత తప్పినది, కొంత కలిసినది. ఈ వయసున నాకు అంతే చాలును. కాని మన పిల్లలకు అంత ఆలస్యము కారాదు.