ఎండలో రంగు మారు రెగ్జిన్ సీట్లు

పటాన్‌చెరు, పాశమైలారం కర్మాగారముల వాకిళ్లలో వేసవియంతయు నిలిచియుండు ఆటోల, మోటారు సైకిళ్ల సీట్లను చూడుడు. తెల్లని రెగ్జిన్ పసుపువన్నెకు తిరుగును. కొన్నిచోట్ల గులాబి మరకలు పొడసూపును. పడవల ఆసనములకును ఇదే గతి.

హేతువేమి? నేటి రెగ్జిన్ పై పొర సాధారణముగా పి.వి.సి. అను ప్లాస్టిక్. తీవ్రమైన ఎండకును వేడికిని దానినుండి హైడ్రోజన్ క్లోరైడ్ వెలువడి, అణుశృంఖలముల నిర్మాణము మారుటచేత ఆ పసుపు పుట్టును. అది మురికి కాదు. కావున ఎంత కడిగినను పోదు. ఇక గులాబి మరకల మాట. గాలి చొరని ప్లాస్టిక్ కవరు సీటును కాపాడునని మనము నమ్ముదుము గాని, అది వేడిని, చెమ్మను లోపలనే బంధించి సూక్ష్మజీవులకు ఆశ్రయమిచ్చును. ఆ మరకలు తరచుగా ఆ సూక్ష్మజీవుల వర్ణమే.

ఏమి చేయవలెను? కవరు వేయుడు, గాలి మాత్రము ఆడనిండు. లేత రంగు గుడ్డ కవరు మేలు. వాన వెలిసినంతనే దానిని తీసి సీటును ఆరనిండు. మరకను మెత్తని గుడ్డతో, సబ్బునీటితో తుడువుడు. పెట్రోలు, థిన్నరు వలదు, వలదు. రెగ్జిన్‌ను మెత్తగా ఉంచు ద్రవ్యమును అవి హరించి, దానిని పెళుసుబారజేయును. అప్పటికిని పోని మరకకు రెగ్జిన్ మార్పించుటయే దారి; కుట్టించునపుడు ఎండకు తాళు రకమునే అడుగుడు.