రంగు గీచిన సైకిలు

సైకిలు నెక్కనివారు మన ఊళ్ళలో ఉండవచ్చును గాని, సైకిలు నెరుగని ఇల్లు మాత్రము లేదు. పాలబిందెలను, పోస్టు సంచులను, బడికి పోవు పిల్లలను, సంతనుండి వచ్చు బియ్యపు మూటలను మోసి మోసి మన కుటుంబములలో ఒకటియైన బండి అది. ఆ ఉక్కు సైకిలు ఇంచుమించుగా ఇరువది కిలోల బరువుండును. ఆ బరువే దాని బలమని మన పెద్దల నమ్మకము. ఈ పూట మేము చెప్పదలచినది వేరొక సైకిలును గూర్చి. దాని బరువు ఆరు కిలోల పైచిల్లర. బజారునుండి తెచ్చు కూరల సంచి యంత. ఒక్క చేతితో ఎత్తి గోడకు తగిలింపవచ్చును.

మేమిద్దరము అన్నదమ్ములము, విశాఖపట్టణములో కాపురము. ఆదివారమునాడు శృంగవరపుకోట చేరి, అచటినుండి అరకు పోవు కనుమదారిలో అనంతగిరి వరకు సైకిలు తొక్కి, మరల దిగివచ్చుట మాకు కొన్నేండ్లుగా అలవాటు. చదునునేలపై వేగముగా పోవువానికి గాలియే ప్రధాన శత్రువు. కొండ యెక్కువానికి బరువు శత్రువు. అందుచేత తేలికైన బండి నొకదానిని మా చేతులతో మేమే కూర్చుకొనవలెనను కోరిక పుట్టినది.

ఇట్టి బండికి మూలము కార్బను నార. 1880 ప్రాంతమున ఎడిసను వెదురు పీచును గాలి సోకకుండ కాల్చి, బొగ్గు తీగగా మార్చి, తన విద్యుద్దీపములో వెలిగించెను. 1960 దశకములో జపాను, ఇంగ్లండు, అమెరికా దేశముల శాస్త్రజ్ఞులు కృత్రిమ నారలను ఆ తీరుననే కాల్చి, మిక్కిలి దృఢమైన నల్లని పోగులను సాధించిరి. ఒక్కొక్క పోగు మన తలవెండ్రుకలో సుమారు పదవవంతు మందముండును. ఈ పోగు లాగిన తెగదు. కాని తనంత తాను నిలువజాలదు. నూలు పంచెకు గంజి పెట్టి ఆరవేసినచో ఎట్లు బిగిసి నిలుచునో, అట్లే ఈ పోగుల బట్టను ఎపాక్సీ అను జిగురులో తడిపి, అచ్చులో పొరలు పొరలుగా పరచి, వేడిచేసి బిగింతురు. బరువును మోయునది పోగు; ఆ పోగులను చోటు తప్పకుండ పట్టియుంచునది జిగురు. పైన వేయు రంగు బరువును మోయుటలో ఏ పాత్రయు వహింపదు. మా కథ యంతయు ఈ విషయముపైననే నడచును.

తేలికదనముపై మోజు క్రొత్తది కాదు. 1972లో మెక్సికో నగరమున బెల్జియము దేశపు ఎడ్డీ మెర్క్స్ ఒక గంటలో 49 కిలోమీటర్ల 431 మీటర్లు తొక్కినప్పుడు, ఆయన యెక్కినది ఉక్కు సైకిలే; అయినను దాని బరువు ఆరు కిలోలకు లోపే. 1986లో అమెరికా దేశీయుడు గ్రెగ్ లెమాండ్ కార్బను ఫ్రేముపై టూర్ డి ఫ్రాన్స్ పందెమును గెలిచెను. రాను రాను బండ్లు మరింత తేలికపడుటచే, పందెపు సైకిలు 6.8 కిలోలకు తగ్గరాదని అంతర్జాతీయ సైక్లింగు సమాఖ్య 2000 సంవత్సరము నుండి నిబంధన పెట్టినది. పందెములలో పాల్గొనని మావంటివారిని ఆ నిబంధన కట్టివేయదు. కావుననే మా జాగ్రత్తను మేమే చూచుకొనవలసియున్నది.

క్రొత్త ఫ్రేము ధర మా అందుబాటులో లేదు. ఎర్రని రంగు వేసిన పాత ఫ్రేము నొకదానిని కొంటిమి. చక్రములు, సీటు, హ్యాండిలు, బ్రేకులు ఒక్కొక్కటిగా సమకూర్చి, ప్రతిదానిని వంటింటి త్రాసులో తూచి పుస్తకములో వ్రాసికొంటిమి. కార్బను బండికి మేకును బిగించుట కూడ ఒక విద్యయే. చేతిబలము కొలది బిగించినచో గొట్టము నలిగిపోవును. ఎంత బిగువో కొలిచి చూపు టార్క్ రెంచితో, తయారుచేసినవారు వ్రాసిన మేరకే, సాధారణముగా అయిదు న్యూటన్ మీటర్ల లోపున బిగింపవలెను. సీటు కడ్డీ జారకుండుటకు గ్రీజునకు బదులుగా గరుకైన ప్రత్యేకపు ముద్దను పూయవలెను. మరియొక సంగతి: మాది సముద్రతీరము. ఉప్పుగాలి తేమలో కార్బనును అల్యూమినియమును ఒకదాని నొకటి తాకినచోట అల్యూమినియము తినివేయబడును. కనుక అట్టి అతుకులను విప్పి తుడిచి, అప్పుడప్పుడు పరీక్షింపవలసియుండును.

బండి సిద్ధమైనది. బరువు 6 కిలోల 320 గ్రాములు. రెండు నెలలు దానిపై కొండ యెక్కితిమి. దిగునప్పుడు గంటకు అరువది కిలోమీటర్ల వేగమునకు తక్కువ కాకుండ దిగితిమి. అంతటితో తృప్తిపడవలసినది. కాని త్రాసునకు అలవాటు పడినవానికి తృప్తి యెక్కడిది? ఇక తగ్గింపదగినది ఏమున్నదని వెదకగా, రంగు కనబడినది.

రంగు తీయుటకు సులభమార్గము పెయింట్ రిమూవరు. ఇనుప గేట్లకు వాడునది. కార్బను ఫ్రేమునకు దానిని తాకింపరాదు. రంగును కరగించు ఘాటైన ద్రావకము, పోగులను పట్టియున్న ఎపాక్సీ జిగురును సైతము మెత్తబరచును. వేడిగాలితో ఊడదీయుటయు అంతే ప్రమాదము. మిగిలినది చేతిపని: పెయింటర్లు వాడు వాటర్ పేపరు, బకెట్టు నీరు, ఓర్పు. 240 నంబరు కాగితముతో మొదలుపెట్టి, 400, 800 నంబర్ల నునుపు కాగితములకు పోతిమి. ఆ ధూళి ఊపిరికి మంచిది కాదు. చర్మమునకు దురద పుట్టించును. కావున కాగితమును నిరంతరము తడుపుచు, ముక్కునకు మాస్కు, చేతులకు తొడుగులు ధరించి, పెరటిలో కూర్చుండి రుద్దితిమి. మొదట నీరు ఎర్రగా పారినది. పిమ్మట ప్రైమరు పొర వచ్చి బూడిదరంగునకు తిరిగినది. నీరు నల్లబడినదనగా పోగు తెగుచున్నదన్నమాట. తక్షణమే చేయి ఆపవలెను. ఈ విధముగా నాలుగు ఆదివారములు గడచినవి. "కొండ యెక్కడం మానేసి దీన్ని పట్టుకు కూర్చున్నారేమిరా?" అని మా అమ్మ నవ్వినది.

నాలుగవ ఆదివారమున, పెడళ్ళ ఇరుసునకు జానెడు పైన, క్రింది గొట్టముమీద బూడిదరంగునకు బదులు పసుపుపచ్చని మచ్చ యొకటి తేలినది. అరచేయి యంత మేర లప్పము! గోడకు పగులు కప్పినట్లు ఎవరో ఫ్రేమునకు లప్పము పెట్టి, పైన రంగు వేసిరి. మెల్లగా దానిని గీచి చూడగా, నేతకు అడ్డముగా వెండ్రుకవాసి గీత కనబడినది. మాకు అమ్మినవారు దానిని ఎరుగుదురో, వారికిని ఎవరైన అట్లే అంటగట్టిరో చెప్పజాలము.

మా వీధిలో నలుబది ఏండ్లుగా సైకిళ్ళు బాగుచేయుచున్న మేస్త్రిగారికి చూపితిమి. కార్బను ఆయనకు క్రొత్త. అయినను జేబులోని రూపాయిబిళ్ళను తీసి, గొట్టము పొడవునను టకటక మీటుచు వచ్చిరి. అంతట గలగలమన్న శబ్దము మచ్చ దగ్గరకు రాగానే బొద్దుగా మారినది. లోపల పొరలు విడిపోయినవని దాని యర్థము. ఆయన బిళ్ళను జేబులో వేసికొని, "బాబూ, మన పాత బండి విరిగేముందు వంగి చెబుతుంది. ఇది అలా చెప్పేలా లేదు. రంగు తీశారు కాబట్టి మీ అమ్మగారి అదృష్టం" అనిరి. మేమిద్దరము ఒకరి ముఖ మొకరము చూచుకొంటిమి. రెండు నెలలపాటు కనుమదారి మలుపులలో మేము ఆనుకొనియున్నది ఆ గీతనే.

అయినను ఆ రాత్రియే మాలో తగవు వచ్చినది. ఇన్నాళ్ళు విరుగనిది ఇకమీదట విరుగునా యని తమ్ముడు. ఇన్నాళ్ళు విరుగకుండుట మన పుణ్యమే గాని దాని బలము కాదని అన్న. మరమ్మతునకు ఖర్చు, దానికితోడు బరువు. రెండు దినములు వాదించితిమి. తుదకు మేస్త్రిగారి మాటయే నెగ్గినది. ఫ్రేమును బెంగుళూరులో కార్బను పని తెలిసినవారి యొద్దకు పంపితిమి. వారు విడిపోయిన పొరలను వాలుగా గీచివేసి, క్రొత్త బట్టను జిగురుతో పొరలు పరచి, బిగించి ఆరబెట్టిరి.

ఇక లెక్క చూతము. రంగు, లప్పము కలిసి తగ్గినది 125 గ్రాములు. మరమ్మతు వలన పెరిగినది 45 గ్రాములు. ఎపాక్సీ జిగురు ఎండకు చెడును గనుక, పైన పారదర్శకపు వార్నీషు వేయక తప్పదు. అది 30 గ్రాములు. మిగులు 50 గ్రాములు. మనిషి, బండి, నీటిసీసా కలిసి 75 కిలోలనుకొన్నచో, అది పదిహేనువందలవ వంతు. ఒక గంట పట్టు నిట్టనిలువు ఎక్కుడులో రెండున్నర సెకండ్లైనను కలిసిరాదు. దారిలో చెప్పులలో పడ్డ రాయిని దులుపుకొనుటకు అంతకన్న ఎక్కువ కాలము పట్టును.

కనుక తేలిక బండి కోరువారికి మా మనవి యిది. దేనిని తీసివేయుచున్నారో దాని పని యేమో ముందు తెలిసికొనుడు. పాత ఫ్రేము కొనునప్పుడు నిగనిగలాడు రంగును చూచి మురియక, రూపాయిబిళ్ళతో మీటి వినుడు. అనుమానమున్నచో ఎరిగినవారికి చూపక ఎక్కకుడు.

మా బండికి మరల రంగు వేయలేదు. నల్లని నేతలో ఆ అతుకు వేరుగా కనబడుచునే యున్నది. ప్రతి ఆదివారము అనంతగిరిలో టీ త్రాగి, దిగుటకు ముందు, ఆ చోటును బిళ్ళతో ఒకమారు మీటి విందుము. శబ్దము సరిగానున్నచో బయలుదేరుదుము.