ఓటరులును వదంతులును
(సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పఠనమందిరములలో మేము చేసిన ప్రసంగము)



ఎన్నికలు వచ్చినవనగా మన పట్టణములందు రెండు వర్తకములు పెరుగును. ఒకటి జెండాల వర్తకము, రెండవది వదంతుల వర్తకము. మొదటిదానికి అభ్యర్థి వ్యయపు లెక్క చూపవలసియుండును. రెండవదానికి లెక్కయు లేదు, రసీదును లేదు. ఏ పక్షమునకు ఓటీయవలెనో చెప్పుటకు మేము రాలేదు. అది మీ యధికారము. ఓటు వేయు మార్గమునే తప్పుగా బోధించు వార్తలు కొన్ని గలవు. వానిని గుఱించియే నేడు ముఖ్యముగా మాటాడుదుము.

అభ్యర్థిని దూషించు నబద్ధమును మనవారు త్వరగనే పసిగట్టెదరు. చాయ హోటలులో నలుగురు కూడినచో దాని గుట్టు బయటపడును. ఉపకారివలె వచ్చు నబద్ధమునైతే ఎవరును శంకింపరు. 2019వ సంవత్సరపు ఎన్నికలనాడును, 2024లోను వాట్సాపునందు ఊరూర తిరిగిన యొక సందేశమును జ్ఞప్తికి దెచ్చుకొనుడు. జాబితాలో పేరు లేకున్నను ఆధార్ కార్డు చూపి 49ఏ నిబంధన క్రింద ‘ఛాలెంజి ఓటు’ వేయవచ్చునట. మన ఓటు మఱియొకరు వేసియున్నచో ‘టెండరు ఓటు’ కోరవచ్చునట. అట్టి టెండరు ఓట్లు నూటికి 14కు మించినచో ఆ కేంద్రమున మఱల పోలింగు జరుగునట.

నిబంధన సంఖ్య చూడగనే చదువుకొన్నవాడు సైతము తల యూచును. కాని 1961వ సంవత్సరపు ఎన్నికల నిర్వహణ నిబంధనలను తెఱచి చూడుడు. 49ఏ నిబంధన ఓటింగు యంత్రపు నిర్మాణమును గుఱించినది. పేరు లేనివాని ఓటు మాట యందు లేనేలేదు. ఛాలెంజి యనునది కలదు గాని అది ఓటరు చేయునది కాదు, ఓటరుమీద చేయునది! వచ్చినవాడు ఆ పేరుగలవాడు కాడని పోలింగు ఏజెంటు రెండు రూపాయలు కట్టి యాక్షేపించుటయే దాని యర్థము. టెండరు ఓటు మాత్రము నిజమే. 49పి నిబంధనలో నున్నది. మీ పేర వేఱొకడు ముందే ఓటు వేసిపోయినచో అధికారి మిమ్ము విచారించి బ్యాలెటు పత్రము నిచ్చును. అది వేఱు కవరున భద్రపఱుపబడును, సాధారణపు లెక్కింపులో చేరదు. ఇక 14 శాతమను మాట ఏ నిబంధనలోను లేదు.

దీనివలన వచ్చు నష్టమేమని కొంద ఱడుగవచ్చును. నమ్మినవాడు జాబితా చూడడు. పేరు లేదని తెలిసికొని 6వ ఫారము పెట్టుకొనవలసిన దినములు ఊరక గడచిపోవును. నామినేషనుల గడువు ముగిసినపిదప ఆ యెన్నిక పూర్తియగువఱకు పేరు చేర్చుటకు 1950వ సంవత్సరపు ప్రజాప్రాతినిధ్య చట్టములోని 23వ సెక్షను ఒప్పదు. పోలింగునాడు మిర్యాలగూడ బియ్యపు మిల్లు హమాలీ యొకడు కూలి మానుకొని, కార్డు చేతబట్టి, ఎండలో వరుసను నిలిచి, తుద కూరక తిరిగిపోవును. ఆతని ఓటు దొంగిలించినది యే పక్షమువాడును గాదు. మేలు చేయుచున్నానని ఆ సందేశమును పంపిన యాతని బావమఱదియే!

అట్లని ప్రతి వార్తయు పుకారని త్రోసిపుచ్చుటయు తెలివి కాదు. 2018 డిసెంబరు 7వ తేదిన జరిగిన శాసనసభ ఎన్నికలలో ఎందరి పేర్లో జాబితాలనుండి గల్లంతైనవి. రాష్ట్ర ఎన్నికల ప్రధానాధికారి రజత్ కుమారుగారే క్షమాపణ చెప్పిరి. పేర్లు పోయినవనుట నిజము. పోయినను ఓటు వేయవచ్చుననుట యబద్ధము. ఈ రెంటిని వేఱు చేయుటయే మన పని.

పూర్వము గోడపత్రిక నంటించువారికి ఒక భయ ముండెడిది, నేటికిని గలదు. ఎన్నికల కరపత్రముమీద ముద్రించినవానియు ప్రచురించినవానియు పేరును చిరునామాయు నుండవలెనని 1951వ సంవత్సరపు చట్టములోని 127ఏ సెక్షను శాసించుచున్నది. ఫోనులో వచ్చు వార్తనుగూడ మన మీ ప్రశ్నయే యడుగవలెను: దీని నెవడు, ఎప్పుడు, ఏ యూర ప్రచురించెను? కోదాడ దాటినచో జగ్గయ్యపేట, పరరాష్ట్రము. ఆవలి వార్త యీవలికి వచ్చి, తేదీని, ఊరును పోగొట్టుకొని, ఇచ్చటిదేయని చెలామణి యగుట సులభము.

కంటితో చూచితిమి, చెవితో వింటిమి అనుటయు నేడు చాలదు. కేంద్ర హోం మంత్రి అమిత్ షా 2023లో తెలంగాణపు సభలో ముస్లిముల రిజర్వేషనులు తొలగింతుమని చెప్పిన ప్రసంగమును కత్తిరించి, దళిత, గిరిజన, వెనుకబడిన వర్గములవారి రిజర్వేషనులనే తొలగింతుమన్నట్లు 2024 ఏప్రిలులో ప్రచారము చేసిరి. ఢిల్లీ పోలీసులు కేసు నమోదు చేసిరి. అసలు ప్రసంగము మెచ్చుకొనదగినదా కాదా యనునది వేఱు మాట. దానిని మీరే తేల్చుకొనుడు. కాని తేల్చుకొనుటకు మొదట ఆయన యాడిన మాట యున్నదున్నట్లు మనకు దక్కవలెను గదా! ఈ కత్తెరవిద్య ఒక్క పక్షమువారి సొత్తును గాదు. తుణుక కనబడినపుడు మొత్తము ప్రసంగమును వెదకి వినుడు.

పుకారు ప్రాణములు తీయుటయు తెలంగాణము చూచినది. పిల్లల నెత్తుకొనిపోవు ముఠాలు వచ్చినవని 2018 మే నెలలో ఫోనులందు వ్యాపించిన మాట నమ్మి అమాయకులను కొట్టి చంపిరి. అప్పుడు జోగులాంబ గద్వాల జిల్లా పోలీసు సూపరింటెండెంటు రెమా రాజేశ్వరిగారు జానపద కళాకారులను పల్లెలకు పంపి, డప్పు కొట్టించి, పాట పాడించి జనులకు నిజము తెలిపిరి. ఫోనుకు ఫోనుతోనే బదులు చెప్పవలెనని లేదు. అక్షరము రాని యవ్వకు వాట్సాపు మాట మనుమడే చదివి చెప్పును. ఆ మనుమడు ఈ మందిరమునకు వచ్చువాడే.

కావున మేము కోరునది చిన్న పని. ఓటరు జాబితాలో మీ వాడకు సంబంధించిన భాగమును తెచ్చి ఈ పత్రికల బల్లమీద నుంచుడు. నామినేషనుల గడువునకు చాల ముందే వాడవారిని పిలిచి పేర్లు చదివి వినిపింపుడు. లేనివారిచేత 6వ ఫారము నింపింపుడు. సందేహమున్నచో 1950 సంఖ్యకు ఫోను చేయవచ్చును.