పాత డిస్కు ఎవరి చేతికి పోతుంది?

(కౌన్సెలింగ్ కేంద్రాల కార్యకర్తల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



నిన్నంతా మనం గృహహింస చట్టం అమలు గురించి, పోలీసు స్టేషన్లలో ఎదురవుతున్న ఇబ్బందుల గురించి చర్చించుకున్నాం. ఈ పూట నన్ను కంప్యూటర్ గురించి, అందులోనూ నెమ్మదించిన లాప్‌టాప్‌లో హార్డ్ డిస్కు తీసి ఎస్‌ఎస్‌డి వేసుకోవడం గురించి మాట్లాడమన్నారు. హక్కుల శిబిరంలో ఈ స్క్రూడ్రైవర్ గొడవ ఏమిటని మీలో కొందరు నవ్వుకుంటున్నారు. నవ్వండి, ఫరవాలేదు. కానీ మన దగ్గరికి వచ్చిన స్త్రీలు చెప్పుకున్నవన్నీ ఇప్పుడు ఆ డిస్కులోనే ఉన్నాయి. దాన్ని మార్చడమంటే ఒక బీరువాలోని ఫైళ్లు ఇంకో బీరువాలోకి సర్దడమే. సర్దేటప్పుడు ఎవరు చూస్తారు, పాత బీరువా ఎవరింటికి పోతుంది అన్నవి హక్కుల ప్రశ్నలే.

మన సంస్థల్లోకి కంప్యూటర్లు ఎలా వస్తాయో మీకు తెలుసు. ఏదో ఆఫీసులో ఏడెనిమిదేళ్లు వాడి పక్కన పెట్టినవి మనకు విరాళంగా వస్తాయి. ఆన్ చేస్తే తెర మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది. ఎదురుగా ఒక స్త్రీ చంటిపిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంటుంది. సాయంత్రం బస్సు దాటితే ఇంట్లో ఎక్కడికెళ్లావన్న ప్రశ్న ఎదుర్కోవాలి. ఆమె పాత ఫైలు తెరవడానికే పావుగంట పడితే, ఆ పావుగంట మనం ఆమె దగ్గర తీసుకున్నదే. కాబట్టి వేగం మనకు విలాసం కాదు.

ఈ నెమ్మదితనానికి కారణం చాలావరకు హార్డ్ డిస్కే. అందులో గుండ్రని పళ్లేలుంటాయి. లాప్‌టాప్‌లలో అవి సాధారణంగా నిమిషానికి 5400 సార్లు తిరుగుతాయి. వాటి మీద ఒక సన్నని చెయ్యి అటూ ఇటూ కదులుతూ కావలసిన చోటు వెతుకుతుంది. తాసిల్దారు ఆఫీసు రికార్డు గదిలో ఒకే ఒక్క గుమాస్తా నిచ్చెన వేసుకుని అరలన్నీ ఎక్కి దిగుతున్నట్టు ఊహించుకోండి. ఎంత చురుకైనవాడైనా చెల్లాచెదురుగా ఉన్న చీటీలు సెకనుకు వంద లోపే తేగలడు. కంప్యూటర్ ఆన్ కావాలంటే అలాంటివి వేల సంఖ్యలో కావాలి. ఎస్‌ఎస్‌డిలో తిరిగేది, కదిలేది ఏదీ లేదు. సమాచారమంతా చిప్‌లలో ఉంటుంది. ఒకేసారి చదివే పెద్ద ఫైళ్ల విషయంలో మామూలు సాటా ఎస్‌ఎస్‌డి దాదాపు అయిదు రెట్లు వేగం. చిల్లర ఫైళ్ల దగ్గరికొస్తే సెకనుకు వేలూ పదివేలూ అందిస్తుంది. మనకు తెలిసే తేడా ఇక్కడే.

కొనే ముందు జబ్బు అదేనా అని చూసుకోవాలి. విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్ అన్న చోట చూడండి. డిస్కు ఎప్పుడూ నూటికి నూరు శాతం దగ్గరే ఉండి, హెచ్‌డిడి అని రాసి ఉంటే మార్చడం వల్ల ప్రయోజనం ఉంటుంది. మెమరీ కూడా నిండిపోయి ఉంటే, వీలున్న లాప్‌టాప్‌లో ర్యామ్ కూడా పెంచుకోవాలి. పాత లాప్‌టాప్‌లలో ఎక్కువగా రెండున్నర అంగుళాల సాటా రకం సరిపోతుంది. కొన్నిటిలో చూయింగ్ గమ్ బిళ్లలా ఉండే ఎం.2 రకానికి చోటుంటుంది. అందులోనూ సాటా, ఎన్‌విఎంఇ అని రెండు తరహాలున్నాయి. ఒకదాని చోట ఇంకోటి పనిచేయకపోవచ్చు. లాప్‌టాప్ అడుగున ఉన్న మోడల్ నంబరు రాసుకుని, దానికి ఏది పడుతుందో తెలుసుకున్నాకే డబ్బు పెట్టండి. కొన్ని చవక లాప్‌టాప్‌లలో నిల్వ చిప్ బోర్డుకే అతికి ఉంటుంది. వాటిని మార్చలేం.

ఈ పని మన చేతులతోనే

"ఇదంతా మనవల్ల అవుతుందా, షాపులో ఇస్తే పోదా?" అని మీలో ఎవరైనా అడగవచ్చు. కుట్టు మిషను విప్పి, బాబిన్ కేసు తుడిచి, నూనె వేసి, మళ్లీ బిగించే చేతులు మనవి. దాన్నెవరూ టెక్నాలజీ అనరు, ఆడవాళ్ల పని అంటారు. లాప్‌టాప్ అడుగున ఉండే స్క్రూలు అంతకంటే కష్టమైనవేమీ కావు. మనకు చేతకాదని కాదు, అది మన పని కాదని చిన్నప్పటి నుంచీ చెప్పారు.

పని వరుస ఇలా ఉంటుంది. ముందు డేటా మొత్తం వేరే చోట కాపీ చేసి పెట్టుకోవాలి. బిట్‌లాకర్ ఉంటే దాని రికవరీ కీ కాగితం మీద రాసుకోవాలి. కొత్త ఎస్‌ఎస్‌డిని యుఎస్‌బి కేబులుతో లాప్‌టాప్‌కు తగిలించి, క్లోనింగ్ సాఫ్ట్‌వేర్‌తో పాత డిస్కును ఉన్నదున్నట్టుగా దానిలోకి దింపాలి. క్లోన్‌జిల్లా అనేది ఉచితంగానే దొరుకుతుంది. కొన్ని ఎస్‌ఎస్‌డి కంపెనీలు సొంత సాఫ్ట్‌వేర్ కూడా ఇస్తాయి. మూలం ఏది, గమ్యం ఏది అన్నది ఇద్దరు కలిసి రెండుసార్లు చూసుకోవాలి. తారుమారైతే ఖాళీ డిస్కు వచ్చి నిండు డిస్కు మీద పడుతుంది. తర్వాత కరెంటు తీసేసి, మూత విప్పగానే బ్యాటరీ తీగ ఊడదీయాలి. స్క్రూలు ఎక్కడివక్కడ గుర్తుండేలా కాగితం మీద బొమ్మ గీసి దాని మీదే పెట్టుకోవాలి. పాత డిస్కు జరిపి తీసి, కొత్తది అదే చట్రంలో బిగించాలి. సిల్కు చీర కట్టుకున్న రోజున మాత్రం ఈ పని పెట్టుకోకండి. స్థిర విద్యుత్తు చిప్‌లకు మంచిది కాదు.

తెలుగులో పనిచేసే మనకు ఇంకో సంగతి ఉంది. క్లోనింగ్ వద్దు, అంతా కొత్తగా ఇన్‌స్టాల్ చేస్తామని కొందరంటారు. మన పాత కరపత్రాలు, నివేదికలు చాలావరకు అను ఫాంట్లలో పేజ్‌మేకర్‌లో టైపు చేసినవి. అవి యూనికోడ్ కావు. ఆ ఫాంట్లు పోతే ఇరవై ఏళ్ల రాత అంతా అర్థంకాని గుర్తులుగా కనిపిస్తుంది. కొత్తగా ఇన్‌స్టాల్ చేయాల్సి వస్తే ముందు ఆ ఫాంట్లను దాచుకోండి. ముఖ్యమైన వాటిని పిడిఎఫ్‌లుగా కూడా మార్చి పెట్టుకోండి.

డిలీట్ చేస్తే పోతుందా?

ఇక అసలు విషయానికి వస్తాను. షాపువాళ్లు కొత్త ఎస్‌ఎస్‌డి వేసి, "పాతది ఇచ్చెయ్యండి మేడం, కొంత తగ్గిస్తాం" అంటారు. మనకేమో డబ్బులు తక్కువ. "అన్నీ డిలీట్ చేశాంలే" అనుకుని ఇచ్చేస్తాం.

హార్డ్ డిస్కులో డిలీట్ అంటే పుస్తకం మొదట్లో ఉన్న విషయసూచిక కాగితం చింపడం లాంటిది. లోపలి పేజీలు అలాగే ఉంటాయి. రీసైకిల్ బిన్ ఖాళీ చేసినా, క్విక్ ఫార్మాట్ చేసినా అంతే. ఉచితంగా దొరికే రికవరీ సాఫ్ట్‌వేర్‌తో వాటిని తిరిగి తీయవచ్చు. అందులో ఏముంటాయి? ఇల్లు వదిలి వచ్చిన స్త్రీ ప్రస్తుతం ఉంటున్న చిరునామా. పదిహేనేళ్ల పిల్ల చెప్పిన మాటలు. గాయాల ఫోటోలు. కులాంతర వివాహం చేసుకున్న జంట ఫోన్ నంబర్లు. మన ఊళ్లు చిన్నవి. రిపేరు షాపు కుర్రాడు ఆ భర్తకు వరసకు తమ్ముడు కావచ్చు. చెడ్డవాడై ఉండక్కర్లేదు, అన్న అడిగితే కాదనలేనివాడైతే చాలు.

ఇది ఊహ మాత్రమే కాదు. 2008లో హాంకాంగ్‌లో ఒక నటుడు రిపేరుకిచ్చిన లాప్‌టాప్‌లోంచి అనేకమంది స్త్రీల అంతరంగిక ఫోటోలు బయటికి పొక్కాయి. వాటిని తీసిన టెక్నీషియన్‌కు 2009లో జైలు శిక్ష పడింది. ఆ నటుడు కూడా అక్కడి సినిమా రంగం నుంచి తప్పుకుంటున్నానని ప్రకటించాడు. కానీ ఏ నేరమూ చేయని ఆ స్త్రీలు జనం ముందుకొచ్చి సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది. పరువు అనే బరువు ఎవరి నెత్తిన పడుతుందో వేరే చెప్పాలా?

మన దేశంలో 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అని చెప్పింది. అనుమతి లేకుండా కంప్యూటర్‌లోంచి డేటా కాపీ చేయడం సమాచార సాంకేతిక చట్టం 43వ సెక్షను కిందికి వస్తుంది. దురుద్దేశంతో చేస్తే 66వ సెక్షను ప్రకారం మూడేళ్ల దాకా శిక్ష ఉంది. అత్యాచార బాధితురాలి గుర్తింపును ప్రచురించడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షను కింద నేరం. చట్టాలు ఉన్నాయి. అయితే అవి పొక్కిన తర్వాత పనికొచ్చేవి. ఒకసారి చిరునామా తెలిసిపోయాక ఆ స్త్రీని ఏ సెక్షను వెనక దాచగలం?

అందుకని పాత డిస్కును తీసేయాలనుకుంటే మొదలు నుంచి చివరిదాకా దాని మీద వేరే రాత రాసే సాఫ్ట్‌వేర్‌తో చెరపాలి. హార్డ్ డిస్కుకు ఒక్కసారి పూర్తిగా రాస్తే చాలు. పాడైపోయి ఆ పనికీ లొంగకపోతే లోపలి పళ్లేలు పనికిరాకుండా చేసి, ఈ-వ్యర్థాలు తీసుకునే అధీకృత కేంద్రానికి ఇవ్వాలి. పాత ఇనుప సామాన్ల బండికి వేయకూడదు. ఎస్‌ఎస్‌డిలను చెరిపే పద్ధతి వేరు. వాటికి సెక్యూర్ ఎరేజ్ అన్న ఆదేశం ఉంటుంది.

చెరపకూడనివీ ఉంటాయి

అయితే తొందరపడి అన్నీ చెరపడం కూడా ప్రమాదమే. ఇందులో సాక్ష్యాలుంటాయి. బెదిరింపు ఆడియోలు, వాట్సాప్ సందేశాలు, ఫోటోలు. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షను ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టులో పెట్టేటప్పుడు సర్టిఫికెట్ ఇవ్వాలి. అందులో హ్యాష్ విలువ అనే సంఖ్యను రాయాలి. అది ఫైలుకు వేలిముద్ర లాంటిది. ఫైలులో ఒక్క అక్షరం మారినా ఆ సంఖ్య మారిపోతుంది. కాబట్టి నడుస్తున్న కేసుకు సంబంధించిన రికార్డు మొదట ఆ డిస్కులోనే ఉండి ఉంటే, క్లోన్ తీశాం కదా అని పాతదాన్ని చెరపకండి. కవరులో పెట్టి, సీలు వేసి, తేదీ, సంతకాలతో భద్రపరచి, వకీలును అడిగి నిర్ణయించుకోండి. ఆ స్త్రీ ఫోనులోని అసలు రికార్డింగును కూడా తీసేయవద్దని ఆమెకు చెప్పండి.

కొన్నేళ్ల క్రితం వాంగ్మూలం రాసుకుంటుంటే ఒకామె నన్ను ఆపి, "అక్కా, ఇదంతా ఆ పెట్టెలోకి పోయాక ఎవరు చూస్తారు?" అని అడిగింది. చదువుకోలేదామె. మన నిధుల సంస్థలు, ఆడిటర్లు ఎవరూ అడగని ప్రశ్న అడిగింది. ఆ ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పగలగాలంటే కొత్త ఎస్‌ఎస్‌డిని మొదటి రోజే ఎన్‌క్రిప్ట్ చేయాలి. అంటే తాళం లేనిదే లోపలి రాత ఎవరికీ అర్థం కాకుండా చేయడం. బిట్‌లాకర్ ఉన్న విండోస్ అయితే దానితో, లేకపోతే ఉచితంగా దొరికే వెరాక్రిప్ట్‌తో చేయవచ్చు. లాప్‌టాప్ పోయినా, వారంటీలో ఎస్‌ఎస్‌డిని కంపెనీకి పంపాల్సి వచ్చినా లోపలిది బయటపడదు. కీ మాత్రం కాగితం మీద రాసి బీరువాలో పెట్టి, ఇద్దరు బాధ్యులకు తెలిసేలా ఉంచండి. ఒక్కరికే తెలిస్తే ఆమె ఉద్యోగం మానిన రోజున మనమే బయట నిలబడతాం.

ఇంకో జాగ్రత్త. హార్డ్ డిస్కు పోయే ముందు చాలాసార్లు టకటకమని చప్పుడు చేసి హెచ్చరిస్తుంది. ఎస్‌ఎస్‌డి ఏ చప్పుడూ లేకుండా ఒక ఉదయం పనిచేయడం మానేయవచ్చు. అందులోంచి డేటా తిరిగి తీయడం కూడా కష్టం. కనుక రెండో కాపీ తప్పనిసరి. సాక్ష్యంగా దాచాల్సిన అవసరం లేని పాత డిస్కు బాగానే ఉంటే, దాన్ని పూర్తిగా చెరిపి, ఎన్‌క్రిప్ట్ చేసి, యుఎస్‌బి డబ్బాలో బిగించి బ్యాకప్‌కు వాడుకోండి. దాన్ని లాప్‌టాప్ ఉన్న గదిలో కాకుండా వేరే చోట దాచండి. అప్పుడది మన చేతుల్లోంచి బయటికి పోవలసిన అవసరమే రాదు.

ఖర్చు మాట. కొత్త లాప్‌టాప్ ధరలో కొద్ది వంతుతో ఈ పని అవుతుంది. ప్రాజెక్టు ప్రతిపాదనల్లో "పరికరాల కొనుగోలు" అని రాస్తాం గానీ "పరికరాల మరమ్మతు, సమాచార భద్రత" అని ఎప్పుడూ రాయం. ఈసారి రాయండి. తిరస్కరిస్తే ఎందుకని అడగండి. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కు పనికిరాని పాత లాప్‌టాప్‌లలో ఎస్‌ఎస్‌డి వేసి లినక్స్ పెట్టుకుంటే ఇంకొన్నేళ్లు నడుస్తాయి. వాటిలో తెలుగు యూనికోడ్ బాగానే పనిచేస్తుంది.

ఈ శిబిరం నుంచి మనం మూడు తీర్మానాలు తీసుకువెళ్లాలని నా ప్రతిపాదన. మొదటిది, మన కేంద్రాల్లోని ఏ డిస్కునూ ఎక్స్‌ఛేంజికి గానీ, చెరపకుండా విరాళంగా గానీ ఇవ్వకూడదు. రెండోది, ప్రతి కేంద్రంలో కనీసం ఇద్దరు కార్యకర్తలు డిస్కు మార్చడం, చెరపడం, ఎన్‌క్రిప్ట్ చేయడం నేర్చుకోవాలి. తప్పనిసరై షాపుకు ఇస్తే, డిస్కు తీసి మన దగ్గరుంచుకుని మిగతాది ఇవ్వాలి. మూడోది, వాంగ్మూలం తీసుకునే ముందు అది ఎక్కడ దాస్తామో, ఎవరు చూస్తారో, ఎన్నాళ్లుంచుతామో ఆ స్త్రీకి తెలుగులో వివరంగా చెప్పాలి. అడిగితే ఆమె కాపీ ఆమెకు ఇవ్వాలి.

భోజనాలయ్యాక పక్క గదిలో నాలుగు పాత లాప్‌టాప్‌లు, స్క్రూడ్రైవర్లు పెట్టాం. వాటిలో ఎవరి డేటా లేదు, కాబట్టి భయపడనక్కర్లేదు. ఇద్దరిద్దరుగా కూర్చుని విప్పండి. ఎక్కడైనా ఆగిపోతే పిలవండి, నేను అక్కడే ఉంటాను.