ఇంటిపేరు నడిచిన దారి: దూదేకుల, లద్దాఫ్, నదాఫ్

 

అధ్యక్షోపన్యాసం అన్ని విషయాలనూ ఒకసారి తడిమి వదలాలని ఒక ఆచారం ఉంది. నేను ఒక్క ఇంటిపేరునే పట్టుకుంటాను. మన పక్క వీధిలో వినిపించే ఆ పేరు వెంట వెళితే యెమెన్ దాకా, యూదుల చరిత్ర దాకా పోవలసి వస్తుంది. ఆ పేరు దూదేకుల.

కోస్తాలో ఇంటిపేరు చాలావరకు ఊరిపేరు. మన దగ్గరా అలాంటివి లేకపోలేదు. రాజంపేట దగ్గరి తాళ్లపాక అన్నమాచార్యుల ఇంటిపేరై తిరుమల దాకా వెళ్లింది. కానీ కర్నూలు వైపు ఓటర్ల జాబితాలో ఇంటిపేరు చోట బోయ, కురువ, ఈడిగ, వడ్డె, ఉప్పర, కమ్మరి, చాకలి, దూదేకుల అని వరుసగా కనబడతాయి. ఇంట్లో, పెళ్లి మాటల్లో ఆ కుటుంబానికి వేరే వంశనామం ఉండవచ్చు. కాగితానికి ఎక్కింది మాత్రం కులం పేరు, అంటే చాలాసార్లు పని పేరు. ఈ ఒక్క లక్షణం వల్లనే వృత్తి ఇంటిపేర్ల పరిశోధనకు రాయలసీమ గట్టి క్షేత్రం.

ముందు పని సంగతి. నంద్యాల, కోవెలకుంట్ల, ఆళ్లగడ్డ, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతాల నల్లరేగడి పత్తికి పెట్టిన నేల. మద్రాసు పత్తి వ్యాపారంలో నంద్యాల వైపు పత్తికి ‘నార్తర్న్స్’ అనీ, బళ్లారి, అనంతపురం వైపు పత్తికి ‘వెస్టర్న్స్’ అనీ పేర్లు ఉండేవి. 1906లో నంద్యాలలో వ్యవసాయ పరిశోధనా క్షేత్రం వెలసింది. ఆదోని పత్తి మార్కెట్టు గురించి ఈ సభలో చెప్పనక్కరలేదు. పత్తి నుంచి గింజ తీసిన తర్వాత దూదిని విప్పి, దుమ్ము రాల్చి, పోగు పోగుగా సడలించాలి. విల్లుకు బిగించిన నరాన్ని దూదిలో ఆనించి కొయ్య గుండుతో మీటుతుంటే ఆ అదురుకు దూది విడిపోతుంది. అలా ఏకిన దూదిని చుట్టి ఏకులు చేస్తే రాట్నం ముందు కూర్చున్న ఆడవాళ్లు నూలు వడుకుతారు. ఆ నూలు మగ్గానికి పోతుంది. రైతుకూ నేతగాడికీ నడుమ ఉన్న ఈ మెట్టు లేకపోతే బట్ట లేదు. పరుపు లేదు, దిండు లేదు, చలికాలానికి బొంత లేదు. ఆ మెట్టు మీద నిలబడినవాళ్లు దూదేకులవాళ్లు: ఇంట్లో తెలుగు మాట్లాడే ముస్లింలు. హుసేనప్ప, ఫకీరప్ప, దస్తగిరి, మాబున్ని అనే వాళ్ల పేర్లలోనే రెండు సంప్రదాయాలు కలిసి ఉన్నాయి.

ఇక పేరు సంగతి. ఒకే పనికి ఎన్ని పేర్లో చూడండి. తెలుగులో దూదేకుల. ఆదోని, ఆలూరు దాటి కన్నడ గాలి తగిలే చోట పింజరి, నదాఫ్. మన దగ్గర అదే నదాఫ్ నాలుక మారి లద్దాఫ్. తమిళంలో పంజుకొట్టి. కోస్తాలో నూర్‌బాషా ఎక్కువ. పార్సీలో నేతగాడిని నూర్‌బాఫ్ అంటారు, దాని నుంచే ఈ పేరు వచ్చిందని పలువురి అభిప్రాయం. 1970 నాటి ఆంధ్రప్రదేశ్ వెనుకబడిన తరగతుల జాబితాలో ‘బి’ గ్రూపు చూస్తే దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాష్ అన్నీ ఒకే వరుసలో ఉంటాయి. ఒకటి తెలుగు, ఒకటి అరబ్బీ, ఒకటి మరాఠీ, గుజరాతీల వైపుది, ఒకటి పార్సీ వాసనది. దక్కనులో పత్తి, బట్ట, సైన్యం, పాలన ఏయే దారుల్లో నడిచాయో ఆ ఒక్క వరుస చెబుతుంది.

వీటిలో నదాఫ్‌ది దూరప్రయాణం. అరబ్బీలో దూది ఏకేవాడు నద్దాఫ్. అదే పనికి హల్లాజ్ అనే పేరు కూడా ఉంది. క్రీ.శ. 922లో బాగ్దాదులో మరణశిక్షకు గురైన సూఫీ మన్సూర్ హల్లాజ్ ఆ పేరుతోనే ప్రసిద్ధుడు. ఉత్తరాదిలో దూదేకేవాళ్లు తమను మన్సూరీలుగా చెప్పుకోవడానికి ఆయనే ఆధారం. ఇప్పుడు అసలు విశేషం వినండి. యెమెన్ యూదుల్లో నద్దాఫ్ అనే ఇంటిపేరు ఉంది. సనా నుంచి యెరూషలేం చేరి అక్కడి యెమెనీ యూదుల పెద్దగా నిలిచిన మతపండితుడు అబ్రహాం అల్ నద్దాఫ్ ఆ పేరువాడే. 1949–50లో యెమెన్ నుంచి సుమారు 49,000 మంది యూదులు విమానాల్లో ఇజ్రాయెల్ చేరినప్పుడు ఇలాంటి పని పేర్లు ఎన్నో వాళ్లతో వెళ్లాయి. నజరేతు వైపు అరబ్ క్రైస్తవుల్లోనూ నద్దాఫ్‌లు ఉన్నారు. యూదుడు, క్రైస్తవుడు, ఆదోని ముస్లిం, ముగ్గురికీ ఒకే ఇంటిపేరు. అంతమాత్రాన ముగ్గురూ ఒక తాతకు పుట్టినవాళ్లు కారు. ముగ్గురి తాతలూ దూది ఏకారు, అంతే.

నా వాదం ఇదే. వృత్తి ఇంటిపేరు రక్తసంబంధానికి సాక్ష్యం చెప్పదు. పని ఎక్కడ నుంచి ఎక్కడికి నడిచిందో, ఆ పనివాణ్ణి ఎవరు ఏ భాషలో పిలిచారో, దాన్ని ఎవరు కాగితం మీద పెట్టారో, ఈ మూడింటికే అది సాక్షి.

కాగితం సంగతిలో యూరప్ యూదుల చరిత్ర మనకు ఉపయోగపడుతుంది. అక్కడ యూదులు చాలామంది తండ్రి పేరుతోనే గుర్తింపు పొందేవారు. ఆస్ట్రియా చక్రవర్తి రెండో జోసెఫ్ 1787లో యూదులందరూ స్థిరమైన ఇంటిపేరు పెట్టుకోవాలని శాసించాడు. 1804లో రష్యా, 1808లో నెపోలియన్ అదే దారి పట్టారు. పన్ను కావాలి, సైన్యానికి మనుషులు కావాలి, అందుకు పట్టికలు కావాలి. దర్జీకి జర్మన్ వాడుకలో ష్నైడర్ అన్న పేరు, స్లావు భాషల్లో క్రావెట్స్, పోర్ట్‌నోయ్ అన్న పేర్లు స్థిరపడ్డాయి. మన దేశంలోనే కొంకణ తీరపు బెనె ఇజ్రాయెల్ యూదులను ఇరుగుపొరుగు ‘శనివార్ తేలీ’ అన్నారు. వాళ్లు నూనె గానుగ ఆడేవాళ్లు, శనివారం మాత్రం గానుగ ఆపేసేవాళ్లు. తర్వాత వాళ్లు ఊరిపేరుకు ‘కర్’ చేర్చి రోహేకర్, పేణ్‌కర్, కేహిమ్‌కర్ అయ్యారు. పని పేరు ఊరివాళ్లు పెట్టింది, ఊరి పేరు వాళ్లు పెట్టుకున్నది.

మన దగ్గర పట్టికలు రెండు దారుల్లో వచ్చాయి. 1800లో నిజాం దత్తం చేసిన కడప నేరుగా ఈస్టిండియా కుంపిణీ చేతికి వచ్చింది. థామస్ మన్రో కలెక్టరుగా 1807 దాకా భూమి కొలిపించాడు. చేతివృత్తుల మీద, మగ్గాల మీద మొహతర్ఫా పన్ను ఉండేది కనుక ఊళ్లో ఎవడు ఏ పని చేస్తున్నాడో సర్కారుకు తెలియాలి. కర్నూలు మాత్రం 1839 దాకా నవాబు గులాం రసూల్ ఖాన్ వంశం కింద ఉంది. అక్కడి లెక్కల తీరు వేరు. అందుచేత ఈ రెండు జిల్లాల ఇంటిపేర్లను ఒకే పద్ధతిలో చదవకూడదు. కడప పరిశోధకుడు మన్రో లెక్కలు, మెకంజీ సేకరించిన ఊరి చరిత్రల కైఫియత్తులు చూడాలి. కర్నూలు పరిశోధకుడికి పార్సీ, ఉర్దూ కాగితాలు కూడా చదవగలిగిన తోడు కావాలి.

దూదేకులవాళ్ల తర్వాతి వలసలకు కరువే కారణమని అనుకుంటాం. అది సగం నిజం. 1876–78 ధాత కరువుకు కర్నూలు జిల్లా ఎంత నలిగిందంటే 1871 జనాభా లెక్కలకూ 1881 లెక్కలకూ మధ్య సుమారు నాలుగో వంతు జనం తగ్గారు. బతికినవాళ్లలో ఎందరో పని వెతుక్కుంటూ కదిలారు. మిగిలిన సగం యంత్రానిది. 1861–65 అమెరికా అంతర్యుద్ధం పుణ్యమా అని మన పత్తికి ధర పలికింది. పత్తి బేళ్లుగా ఓడలెక్కింది. వెనకే మిల్లు నూలు వచ్చింది. ఇంట్లో వడకడం తగ్గితే ఏకులు ఎవరికి కావాలి? దూదేకులవాళ్లకు పరుపులు, దిండ్లు మిగిలాయి. విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగారు. కొందరు సేద్యానికి, కొందరు చిల్లర వ్యాపారానికి, గుంటూరు వైపు కొందరు నాదస్వరానికి మళ్లారు. పని పోయినా పేరు మిగిలింది. ఇవాళ దూదేకుల అన్న ఇంటిపేరున్న పిల్లవాడు దూది ఏకడం చూసి ఉండడు.

ఇంకో చేదు సంగతి దాటలేను. పింజారి అన్న పని పేరును తెలుగు సమాజం తిట్టు చేసింది. పల్లెలో, బడిలో, సినిమాలో ఆ తిట్టు వాడినవాళ్లకు అది ఒక మనిషి పని అన్న ఆలోచనే రాలేదు. అందుకే చాలా కుటుంబాలు షేక్ అనో నూర్‌బాషా అనో మార్చుకున్నాయి. మరోవైపు పొన్నెకల్లులో పుట్టిన బుర్రకథ పితామహుడు షేక్ నాజర్ తన ఆత్మకథకు ‘పింజారి’ అనే పేరు ఖాయం చేశారు. విసిరిన రాయిని పట్టుకుని పునాదిలో వేసుకున్నారు. రెండు పనులూ న్యాయమైనవే. నిజాం దత్తం చేసిన సీమకు పడిన దత్తమండలాలు అన్న పేరు మనసుకు కష్టంగా తోచి 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు గారి సూచన మీద మనం రాయలసీమ అయ్యాం. ఒక సీమకు ఉన్న హక్కు ఒక కుటుంబానికి ఉండదా?

ఈ పేరు కడప నేలకు పరాయిది కాదు. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామికి ముఖ్యశిష్యుడైన సిద్ధయ్య దూదేకుల ఇంటివాడని సంప్రదాయం. ముడుమాలలో ఆయన మఠం ఉంది. కందిమల్లాయపల్లె మఠానికి వెళ్లే భక్తులు గురువుతోపాటు ఆ శిష్యుడినీ తలుచుకుంటారు. ఏ కులమని అడగని గురువు సిద్ధయ్యను దగ్గరకు తీసుకున్నాడని కథ చెప్పుకుంటూ, అదే కులం పేరును పొరుగింట్లో ఎగతాళి చేయడం మన ద్వంద్వనీతి.

చివరగా పరిశోధకులకు మూడు మాటలు. మొదటిది, ఇంటిపేరు చూసి మూలాలు ఫలానా అరబ్బు దేశం, ఫలానా యూదు తెగ, ఫలానా రాజవంశం అని తీర్పులిచ్చే వ్యాసాలు చాలించండి. రెండోది, ఒకే ఊరిలో ఒకే కుటుంబానికి ఉన్న పేర్లన్నీ పక్కపక్కన పెట్టండి: వంశనామం, ఊళ్లో పిలుపు, బడి రిజిస్టరు పేరు, ఆధార్ పేరు. అవి ఎక్కడ విడిపోయాయో అక్కడే చరిత్ర ఉంది. మూడోది, ఆడవాళ్లను అడగండి. పెళ్లితో ఇంటిపేరు మారేది వాళ్లకే, ఏ ఊరినుంచి ఏ ఊరికి సంబంధాలు నడిచాయో గుర్తుంచుకున్నదీ వాళ్లే.

ఇక్కడ కూర్చున్న ఎం.ఏ., పీహెచ్‌డీ విద్యార్థులకు నా విన్నపం. వచ్చే సెలవుల్లో ఒక్కొక్కరు ఒక్క ఊరు తీసుకోండి. విల్లు పట్టి దూది ఏకినవాళ్లు ఇంకా కొందరు ఉన్నారు. వాళ్ల మాట రికార్డు చేయండి, పనిముట్ల పేర్లు వాళ్లు పలికినట్టే రాసుకోండి, ఊరి కైఫియత్తు దొరికితే జత చేయండి. ఆ ప్రతులను కడప సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రానికి అందజేయండి. వచ్చే సదస్సుకు అధ్యక్షత వహించేవారు ఈ విషయం మీద మాట్లాడేటప్పుడు మీ ఆధారాలతో మాట్లాడాలి. సెలవు.